సూది లేని తుపాకీ

బావా,

అక్కడ అత్త మోకాళ్లు ఎలా ఉన్నాయి? మామ దగ్గు తగ్గిందా? నీ కాళ్ల వాపు పోయిందా? ఇక్కడ పెద్దోడు, కోడలు బాగానే ఉన్నారు. నాకు బీపీ, అది ఎప్పుడూ ఉండేదే.

నువ్వు పోయి ఏడాదయింది కదా, మామ తుపాకీని పెద్దోడి పేరుకి మారుస్తున్నారు. అది ఏ రకమో చూడడానికి టెక్కలి నుంచి తుపాకులు బాగుచేసే ముసలాయన వచ్చాడు. ఒంటిగొట్టం రకమట, మనం అనుకున్నదానికంటే పాతదట. దసరాకి నేను పెట్టిన పసుపు బొట్ల కిందే తుప్పు పట్టింది. ఇకమీదట పసుపు మానేసి, పొడిగా తుడిచి పలచగా నూనె రాయమన్నాడు.

తర్వాత గొట్టం మడిచి చూసి నవ్వాడు. "ఇదేటి పేల్తాదమ్మా? తూటాని కొట్టే సూదే నేదు."

పెద్దోడు తల దించుకున్నాడు. "నాన్నే తీయించీసినాడమ్మా. ఇంట్లో పేల్తాదేమోనని నువ్వు నిద్దరోటం నేదని. నీకు సెప్పొద్దన్నాడు."

అంటే ఇన్నేళ్లూ ఎలుగులు తిరిగే జీడితోటకి ఉత్త కర్ర పట్టుకుని వెళ్లావా బావా? ఎదురుపడితే ఏం చేద్దామనుకున్నావు?

ఇప్పుడు ఆ తోటకి పెద్దోడు వెళ్తున్నాడు. కొత్త సూది వేయమన్నాను. భయం నేను పడతాను. ముసలాయన గురువారం వస్తానన్నాడు.