అండవాహికలో ఆగిపోతే

మండపేట, ఆదివారం రాత్రి

వదినకి మళ్ళీ కడుపునొప్పి, కుడివైపే. సాయంత్రం వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడిపోయింది. అన్నవరంలో వ్రతం రోజున బయట చేరకూడదని అమ్మ మందులషాపు నుంచి బిళ్ళలు తెప్పించి మింగించింది కదా, ఆ తర్వాత ఇప్పటిదాకా నెలసరి రాలేదు. అంతా బిళ్ళల వల్లేనట. "వేడి చేసిందమ్మా, సబ్జా నీళ్ళు తాగు" అంటుంది అమ్మ.

మా జువాలజీ మాస్టారు "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసిన పాఠం ఇందాక చదివాను. అండవాహిక. ఎంత చక్కని మాట! పిండం మొదట అక్కడే ఏర్పడి, మెల్లగా గర్భాశయానికి చేరుతుందట. మరి చేరకపోతే? అక్కడే పెరిగితే? అంత సన్నటి గొట్టం చిట్లిపోదూ?

అమ్మనడిగితే, "పెళ్ళికాని పిల్లవి, నీకెందుకే ఆ గొడవ? పడుకో" అని కసిరింది. వదిన మాత్రం నా చెయ్యి వదల్లేదు. "నాకూ భయంగా ఉంది రాజీ. మీ అన్నయ్యకి నువ్వే చెప్పవా? నాకు సిగ్గు" అంది. తన చెయ్యి చల్లగా ఉంది.

అన్నయ్య ముందు ఆ మాటలు చెప్పడానికి నాకు మాత్రం నోరు వస్తుందా? ధైర్యం కోసమే ఈ నాలుగు ముక్కలూ రాసుకున్నాను. ఇప్పుడే వెళ్ళి లేపుతాను. పొద్దున్నదాకా ఆగకూడదు.

పరీక్షల్లో నా జవాబు తప్పయితే ఏడుస్తాను. దేవుడా, ఇది మాత్రం తప్పే కావాలి.