గట్టు మీది బురద

ఎసినామ్ తల్లీ,

లేవగానే పెరటి కాలువ జాలీకి అడ్డుపడ్డ నీళ్ళ ప్యాకెట్లు తీసెయ్యి. తర్వాత బురద తోడి, తడిగా ఉండగానే కర్రపెండలం మడి వెనక గోతిలో పారబొయ్యి. సాయంత్రం మళ్ళీ వానట.

ఆరాక ఎత్తొచ్చని నిన్న నేను గట్టు మీద కుప్పపోశాను. తెల్లవారుజామున వాన దాన్నంతా మళ్ళీ కాలువలోకే తోసింది. అమ్మ పోయాక మూసి ఉంచిన గదిలోకి నీళ్ళొచ్చి, ఆమె బట్టల పెట్టె మునిగింది. నావల్ల ఏదీ కావడం లేదమ్మా.

పక్కింటి అఫి అత్త, "బురదేమన్నా చేపలా మాస్టారూ, ఎండబెట్టడానికి?" అని తిడుతూనే తన బేసిను ఇచ్చింది. మొక్కజొన్న ముద్ద, కెంకే, మూతపెట్టి ఉంచాను, తిను. నేను బడికి వెళ్తున్నాను.

నాన్న

తా.క.: ఆ గోతి సంగతి కూడా అఫి చెబితేనే తెలిసింది. ఇన్నేళ్ళూ అమ్మ ఆ బురద ఎక్కడికి మోసేదో నేనొక్కసారీ అడగలేదు.