తొంభై డిగ్రీలు

జనవరి 12, 2025. కర్నూలు

మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు! మోకాలు వంచే మెషిన్ మొత్తం స్కూలు బ్యాగులో పట్టింది. కొత్త మెషిన్ల కాంపిటీషన్ వాళ్ళ లిమిట్ నాలుగు కిలోలు. తొంభై డిగ్రీల వరకు వంచుతుంది. నా భార్య శివలీల ఫిజియో కదా, తప్పు పట్టకుండా ఉండలేదు. తొంభై కుర్చీకే సరిపోతుంది, మనవాళ్ళు కింద కూర్చుంటారు, నూట ముప్పై కావాలి అంది. అంత వంచాలంటే పెద్ద మోటారు, ఐదున్నర కిలోలు. భార్య చెప్పిందల్లా వింటే ఇన్వెంటర్ అయినట్టే.

జనవరి 20. ఆత్మకూరు

ట్రయల్‌కి పేషెంట్ దొరికింది. షంషాద్ బీ. బొంతలు కుడుతుంది. ఆటో బోల్తా పడి మోకాలు విరిగితే ప్లేటు వేశారు. వారానికి మూడుసార్లు బస్సెక్కి కర్నూలు ఆసుపత్రిలో కాలు వంపించుకొస్తోంది. ఇక పోనక్కర్లేదు, ఈ మెషిన్ చాలని చెప్పాను. ఆమెకు బస్సు కష్టం తప్పించాలని కాదు. అక్కడ చేత్తో వంచితే రిజల్ట్ నాదెలా అవుతుంది? ఈ సంగతి శివలీలకు చెప్పలేదు.

ఫిబ్రవరి 3

డెబ్బై డిగ్రీలు వంగింది. మెషిన్ చూడ్డానికి వీధంతా వచ్చింది. కింద ఎప్పుడు కూచుంటా సార్ అని అడిగింది షంషాద్ బీ. బొంత పరిచి దాని మీదనే కూచోవల్ల, లేకుంటే కుట్టేకి రాదు అంది. తొందర్లోనే అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో!

ఫిబ్రవరి 17

తొంభై. వీడియో తీశాను.

ఫిబ్రవరి 18

మెషిన్ అంతకు మించి వంచదు. ఆమెకు తెలియదు. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

మార్చి 9, ఉదయం

సెలెక్ట్ అయ్యాను. శివలీల వీడియో చూసి, ఆసుపత్రిలో ఈమెను ఎవరు చూస్తున్నారు అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఎందుకు లేరో కూడా చెప్పాల్సి వచ్చింది. తిడుతుందనుకున్నాను. చెప్పులేసుకుని, పద, ముందు ఆమెను డాక్టరుకు చూపిద్దాం అంది.

మార్చి 9, సాయంత్రం

వంచాల్సిన ఏడు వారాలూ పోగొట్టారన్నాడు డాక్టరు. లోపల బిగుసుకుపోయిందట. మత్తిచ్చి వంచి చూస్తాం గానీ, కింద కూర్చుంటుందని ఆశ పెట్టుకోవద్దన్నాడు. షంషాద్ బీ నా వైపు చూసింది. నేను గోడ మీది చార్టు చదువుతూ నిలబడ్డాను. సిగ్గులేని మనిషిని.

మార్చి 21

మత్తిచ్చి వంచారు. నూట ఐదు. ఇక ఇంతేనన్నారు.

కాంపిటీషన్ నుంచి తప్పుకుంటున్నానని మెయిల్ పెట్టాను. దాంతో ఆమెకు ఒక్క డిగ్రీ కూడా పెరగదు.

మార్చి 23. ఆత్మకూరు

ఆసుపత్రి మానమన్నది నా ప్రైజు కోసమేనని ఆమెకు చెప్పేశాను. తిట్టినా బాగుండేది. రెండో వారంలోనే ఆసుపత్రి మేడమ్ ఫోన్ చేసి, వచ్చి వంపించుకోమని చెప్పిందట. అంత దూరం నుంచి బ్యాగు మోసుకోని వస్తాండారు, మీ మెషిన్ వద్దని ఏ మొగంతో చెప్పేది సార్ అంది.

మార్చి 24

నిన్న నేను రాయలేకపోయింది ఇది. షంషాద్ బీ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసింది. నేను కింద కూర్చున్నాను. సారు కింద ఉంటే నేను పైన ఎట్ల కూచునేది అని, నేను లేచేదాకా నిలబడే ఉంది.