పదకొండో గొట్టం

కోబురా రేవు,
హోమా బే దగ్గర,
మే 14, మంగళవారం.

అమ్మా అపోండీ,

నీకూ, నీ భర్త ఒలూచ్‌కీ మీ బాబాయి ఒగుటు దీవెనలు. ఇక్కడ మేం ఉన్నంతలో బాగున్నాం. నువ్వూ, నీ కడుపులో బిడ్డా క్షేమమని తలుస్తాను.

ముందుగా నా రాతను మన్నించు. అక్షరాలు వంకర పోతున్నాయి, తప్పులూ ఉంటాయి. నేను చదివింది నాలుగు తరగతులు. ఆ తరువాత వల అల్లే సూది తప్ప చేత్తో పట్టింది లేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు మాట రాదు. నువ్వు "బాబాయీ, ఉన్నావా?" అని రెండుసార్లు అడిగి మూడోసారి నవ్వేస్తావు. ఇది నవ్వే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నాకు అర్థమైంది ఇదీ. మీ తాత ఒడిందోకీ, అచోలా అత్తకీ వచ్చిన జబ్బు శాపం కాదు. చేతులు వాటంతట అవే ఎగరడం, తరువాత నడక పోవడం, చివరికి కన్నవాళ్లను కూడా మరిచిపోవడం, ఇదంతా రక్తంలో ఒకచోట రాత తప్పడం వల్లనే. తల్లికో తండ్రికో ఆ తప్పు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మీ నైరోబీ ప్రయోగశాలలో అన్నయ్య ఒకెచ్ ఇంటివాళ్ల రక్తం గొట్టాలు పదకొండు ఉన్నాయి. పది గొట్టాలు చూస్తే ఒకెచ్‌లో ఆ తప్పు లేనేలేదని తేలింది. పదకొండోదానిలో ఉంది. పెద్దవాడిలో లేనిది పిల్లల్లోకి రాదు. పేర్లు తాళంలో ఉన్నాయి, అది ఎవరిదో మీకెవరికీ తెలియదు. అందుకని ఇక్కడ రక్తం తీసిన పెనీనా, అచోలా ఇంటి గొట్టానికి మన ఇంటి చీటీ అంటించి ఉంటుందని మీ పెద్దలు అనుకుంటున్నారు. ఆ గొట్టం పారేస్తారు. నెలాఖరుకు పెనీనాను పనిలోంచి తీసేస్తారు. నన్ను వెళ్లి ఆమెను మంచిగా అడిగి నిజం కనుక్కోమన్నావు.

వెళ్లాను. పెనీనా ముంగిట్లో ఒమెనా చేపలు ఆరబోస్తోంది. నన్ను చూడగానే, "ఏం మామా, సూది లేదులే, భయపడకు, రా" అంది. రక్తం తీసిన రోజు నేను పడవ కింద దూరిన సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు. రేవులో ఆడవాళ్లందరికీ చెప్పింది కూడా.

నీ ఉత్తరం చదివి వినిపించాను. చేతిలో చేపలు కింద పడేసింది. గట్టిగానే అంది: "ఆ రోజు వాన. పంచాయతీ చెట్టు కింద కాదు, చర్చి వరండాలో కూర్చోబెట్టి తీశాను. ఒక్కొక్కరి పేరూ అడిగాను, చీటీ రాశాను, వాళ్లచేతే చదివించాను. చదువు రానివాళ్లకు నేనే మూడుసార్లు చదివాను. అచోలా ఇంటివాళ్లు వచ్చింది మర్నాడు మామా! మర్నాటి గొట్టానికి ముందురోజు చీటీ ఎలా అంటిస్తాను? నేనేమైనా మంత్రగత్తెనా?"

తరువాత గొంతు తగ్గించి, "నీ కూతురి గొట్టానికైతే ఆమే రాసుకుంది. పెనీనా, నీ రాత కోడి గీకినట్టుంది, ఇలా తే అని నా చేతిలో పెన్ను లాక్కుంది" అంది. ఇక్కడ అన్న కూతురైనా తమ్ముడికి కూతురే కదా, నిన్ను ఆమె మామూలుగానే అలా అంది. నేను తలవంచుకుని చేపలు తిరగేశాను.

ఆమెకు ముగ్గురు పిల్లలు. భర్త సరస్సు మీదికి వెళ్లి ఒమెనా లేక ఖాళీ పడవతో వస్తున్నాడు. నేను లేచేటప్పుడు, "అపోండికి రాయి మామా. ఆమె నాతో పాటు చదువుకున్నది. నేను దొంగను కాను, గుడ్డిదాన్నీ కాను అని రాయి" అంది. రాశాను.

ఇక్కడి సంగతులు. వానలు ఎక్కువై జొన్న నల్లబడింది. మీ అమ్మ అడేరో సమాధి మీద నువ్వు నాటిన మొక్క బతికింది. పక్కన ఒకెచ్ సమాధి మీది కొయ్య శిలువను చెదలు పూర్తిగా తినేశాయి. కొత్తది చేయిస్తాను.

నీ పెళ్లికి ముందు ఒలూచ్ తల్లి మన ఇంటి జబ్బుల గురించి విచారించడానికి వచ్చింది, గుర్తుందా? "ఒకెచ్ చేతులు చచ్చేదాకా రాయిలా నిలిచాయి" అన్నాను. నువ్వు తలుపు వెనక నిలబడి విన్నావు. ఆమె వెళ్లాక, "బాబాయీ, నీ నోట్లోంచి ఒకేసారి అన్ని మాటలు రావడం ఇదే మొదటిసారి" అని వెక్కిరించావు. ఆ మాటలు నిజమే. ఒకెచ్ చేతులు అలాగే ఉండేవి.

పోయిన ఏడు వచ్చినప్పుడు నా వల ఒళ్లో వేసుకుని నీ పని సంగతి చెప్పావు. ఒకే తప్పు ఒకరిలో ముప్పైకే మేలుకుంటుంది, మరొకరిలో నిద్రపోతూ ఉంటుంది, అది ఎందుకో వెతుకుతున్నానన్నావు. "ఒళ్లంతా ఇలాంటి వలే బాబాయీ. ఈ ముడి లాగితే అంత దూరాన ఆ ముడి కదిలింది చూడు. తప్పు ముడిని ఏ ముళ్లు బిగించి పట్టుకున్నాయో తెలిస్తే, దాన్ని ఎప్పటికీ లేవకుండా ఉంచొచ్చు" అన్నావు. నీ చదువు నాకు తెలియదు, వల తెలుసు. ఆ మాట మనసులో ఉండిపోయింది.

పెనీనా తప్పు లేదని మీ పెద్దలకు చెప్పు. ఆ గొట్టం పారేయనివ్వకు. బరువులు ఎత్తకు. వేళకు తిను.

ఉంటాను.

మీ బాబాయి,
ఒగుటు ఒడిందో

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన రాసినదానిలో అబద్ధం లేదు. కానీ నిజం అంతా లేదు.

పదకొండో గొట్టం నీదే తల్లీ.

ఒకెచ్ పడవ తిరగబడి పోయిన రెండేళ్లకు నువ్వు పుట్టావు. అన్న పోతే వదిన ఇంటి కప్పు తమ్ముడే కప్పాలి. పెద్దలు కూర్చుని నన్ను ఆ ఇంటికి పంపారు. పశువులిచ్చి మీ అమ్మను తెచ్చుకున్నది ఒకెచ్, కనుక ఆ ఇంట్లో పుట్టినవాళ్లు ఒకెచ్ పిల్లలే. రేవులో అందరికీ తెలుసు. దాచిన సంగతి కాదు కనుకనే పనిగట్టుకుని నీకెవరూ చెప్పలేదు. బడిలో చేర్చేటప్పుడు మాత్రం హెడ్‌మాస్టరు కొత్తవాడు, తండ్రి పోయిన ఏడు కూడా అడిగాడు. తండ్రి పేరు మార్చడమంటే చచ్చినవాడి ఇల్లు దోచుకోవడం. అందుకని నీ వయసు మార్చాను. నాలుగేళ్లదానికి ఆరేళ్లన్నాను. ఒకటో తరగతిలో నీకన్నా నీ పలకే పెద్దగా కనబడేది.

నువ్వు వంశం కాగితం గీస్తూ, ఒకెచ్ పిల్లలు ఎంతమంది అని అడిగినప్పుడు నలుగురు అన్నాను. మన ఇంట్లో అది నిజం. నీ కాగితం అడిగేది వేరే నిజమని అప్పుడు తట్టలేదు. తట్టాక నోరు రాలేదు.

పడవ కింద దూరింది సూదికి భయపడి కాదు. అప్పటికే నా కుడి చెయ్యి వల సూదిని వదిలేస్తోంది. ఇప్పుడు ఎడమదీ అంతే. ఈ ఉత్తరం నాలుగు రోజులు రాశాను. అక్షరాలు వంకర పోవడానికి చదువు లేకపోవడం కారణం కాదు.

నాన్నకు నలభైలో లేచింది. అచోలాకు ముప్పై రెండులో. నాకు డెబ్బై దాటాక. తప్పు ఒకటే, ఇల్లు ఒకటే. ఇన్నేళ్లు దాన్ని ఏ ముళ్లు పట్టి ఉంచాయో నా రక్తంలోనే ఉండాలి కదా. అవి నీకూ ఇచ్చానో లేదో చూసుకో. నేను ఇవ్వగలిగింది ఇంకేమీ లేదు.

ఈ నెల ఆఖరి శుక్రవారం నా రక్తం తీయడానికి గొట్టం తీసుకుని రమ్మని పెనీనాతో చెప్పాను. ఈసారి ఆమె వెక్కిరించలేదు. చీటీ మీద అపోండికి ఏమవుతారు అని ఒక గడి ఉంటుందట. అందులో ఏం రాయించాలో నాకు తెలియదు. బాబాయి అని రాయించమంటే అలాగే రాయిస్తాను. నువ్వు చెప్పేదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతాను. తొందరగా జవాబు రాయి తల్లీ.