మిగిలిన రెండు సీసాలు

నాయనా,

నువ్వు పోయిన నాడు బర్రెదూడగా ఉన్న ఎనుముకే ఈమధ్య పొదుగు వాచింది. పశువుల డాక్టరు అయిదు రోజులు సూది వేయించమన్నాడు. మూడో రోజుకే వాపు తగ్గింది. "తగ్గిపోయినాది కదా, ఇంగ సూదెందుకుమే?" అన్నాడు నీ అల్లుడు.

అచ్చం నీ మాటే. నువ్వు పోయిన ఆ ఏడు చొప్ప కోస్తూ వేలు తెగినా, గుడ్డ చుట్టుకుని దీని తల్లి వాచిన పొదుగే పితికావు. చెయ్యి మోచేతిదాకా ఉబ్బింది. గుంతకల్లు డాక్టరు ఆరు పెన్సిలిన్ సూదులు రాస్తే, నాలుగు సూదులకే జ్వరం దిగింది. "నాకింగ చాలు. నోరులేనిది అల్లాడతాండాది, మిగిలిన మందు దానికి పొడిపిద్దాం" అన్నావు. ఎనుము కోలుకుంది.

నెల తిరక్కముందే నీకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి అదే మందు ఎన్ని సూదులేసినా పనిచేయలేదు. "సగంలో ఆపితే చావకుండా మిగిలిన క్రిములు మొండికేస్తాయమ్మా. తక్కిన రెండు సీసాలు ఏమైనాయి?" అని డాక్టరు అడిగాడు. పగిలిపోయినాయని చెప్పాను.

ఈరోజు అయిదో సూదీ వేయించాను. మిగతా పశువులన్నిటినీ పితికాకే దీన్ని పితికి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఎందుకింత పట్టుదలో నీ అల్లుడికి చెప్పలేదు.

కొట్టంలో అడుగుపెడితే చాలు, నీ గొంతు వినబడుతుంది: "ఆ రెండు సీసాలూ తీసుకురా పాపా."

తెచ్చిచ్చింది నేనే కదా, నాయనా.