తలుపు మీద వదిన దించిన అక్షరాలు

వదినా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. అన్నయ్య గుడికి వెళ్ళాడు కనక గుణుపురంలో నీ దాణా కొట్టు నేనే తెరిచాను.

కుక్క తిండి చెడిపోకుండా కలిపే హానికరమైన మందుల పేర్లు నువ్వు పశువుల డాక్టరు చేత రాయించుకున్నావు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ముగ్గు దించినట్టు వాటిని కొట్టు తలుపు మీద సుద్దతో దించావు. బస్తా ఏదొచ్చినా వెనకున్న అక్షరాల్ని తలుపుతో సరిచూసేదానివి. నేను నవ్వితే, "ముందు బొమ్మ సూసి కొనీడానికి ఇదేటి పెళ్లిసూపులేట్రా? యెనక్కి తిప్పు!" అనేదానివి.

నువ్వు పోయాక, పదో తరగతి తప్పిన ఈ మేధావి బొమ్మ చూసే కొన్నాడు. నీ కుక్క భైరిగాడు గోక్కుని గోక్కుని మెడ మీద బొచ్చంతా ఊడగొట్టుకున్నాడు. తిండి మార్చి చూడమన్నాడు డాక్టరు. అప్పుడు సిగ్గుపడి, నీ తలుపు ముందు గొంతుక్కూర్చుని, ఆ అక్షరాలేవీ లేని సంచి ఏరాను. అది రెండు నెలల కిందటి మాట.

ఈ రోజు ఏజెంటు మళ్ళీ ఆ పాత రకమే తెచ్చాడు. నేను బస్తా తిప్పి వెతుకుతుంటే నవ్వాడు.

"ఏటి బాబూ, కుక్క తిండికి కూడా పరీచ్చేటి?"

"పరీచ్చ నీకే. ఓ గుప్పెడు తినీసి సూపించు, బండిలోదంతా దింపించుకుంతాను."

బస్తా భుజానెత్తుకుని పోయాడు. నువ్వుంటే నా వీపు తట్టేదానివి.

నీది చదువు కాదంటే ఇక ఎవరిదీ కాదు వదినా. భైరిగాడి మెడ ఇప్పుడే నిమిరి చూశాను. కొత్త బొచ్చు వస్తోంది. పండక్కి నువ్వు జుట్టుకు వేసుకునే రంగుకన్నా నల్లగా ఉంది.

నీ మరిది