ఆవగింజంత బెజ్జం

విజయనగరం,
14-11-1968

ఎల్లాజీ బావకు జగన్నాధం నమస్కరించి రాయు సంగతులు. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు కూర్మమ్మా, పిల్లలూ కులాసా. అక్కడ మీ ఆరోగ్యాలు బాగున్నాయనీ, నా మీద కోపం మాత్రం కాస్త నీరసించిందనీ తలుస్తాను. నా చేతిరాత చూసి చింపేయకు. మంచి కబురుంది.

కిందటి మాఘంలో, గజపతినగరంలో నువ్వు నడిపే చెరుకు గానుగ పళ్లచక్రానికి పన్ను విరిగింది కదా. చక్రం పోతపోసింది నేను. అయినా, "సెరుకు ఎక్కువ తోసేసినావు, అందుకే ఇరిగింది" అని నిన్నే అన్నాను. ఆ మాట పట్టుకుని ఆసామి నరసింగరావు గారు నిన్ను పనిలోంచి తీసేశారు. నువ్వు మా గుమ్మం తొక్కడం మానేశావు.

మా పక్కింటి అన్నమ్మగారి కూతురు పరంజ్యోతి విశాఖపట్నంలో ఇంజనీరింగు కాలేజీ లాబరేటరీలో పనిచేస్తోంది. పోయిన వారం ఆ విరిగిన పన్ను పట్టుకుని వెళ్లాను. ఆ పిల్ల ముక్క కోసి, అద్దంలా నునుపుచేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒక కన్ను మూయమంటే రెండూ మూశాను! తర్వాత చూద్దును కదా, తెల్లటి ఇనుములో ఎండుగడ్డి పరకలు చల్లినట్టు నల్లటి రేకులు. ముప్పై ఏళ్లుగా పోతపోస్తున్నాను, ఇనుము కడుపులో ఏముందో ఇన్నాళ్లకు చూశాను బావా.

"పెన్సిల్లో నల్ల ముల్లుంటాది సూడు బాబాయ్, ఇదీ అదే. ఇంత పొడుగు రేకులైతే పగులుకి దారిచ్చినట్టే" అంది. పంటి మొదట్లో ఆవగింజంత బెజ్జం చూపించింది. పన్ను విరిగిన చోటు చాలావరకు పాత పగులులా జిడ్డుపట్టి నల్లబడింది, కొసన కొత్తగా విరిగినంత మేర కొంచెమే మెరుస్తోంది. "బెజ్జం దగ్గర మొదలైన పగులు, సక్రం తిరిగినప్పుడల్లా పిసరంత పెరిగింది. నెలలు పట్టుంటాది. ఆ రోజు నడిపినోడి తప్పేటీ లేదు" అని తేల్చేసింది.

ముక్క తెచ్చి నరసింగరావు గారికి చూపించాను. "ఎల్లాజీనే రమ్మను. ఈ గానుగకి ఆడి సెయ్యే అలవాటు" అన్నారు. బెజ్జాలు పడకుండా అచ్చు ఇసుక బాగా ఆరబెట్టి, పళ్ల మొదళ్లు గుండ్రంగా తీర్చి, కొత్త చక్రం పోశాను. బుధవారం బిగిస్తాం. తప్పకుండా రా. కూర్మమ్మ నీ కోసం కళింగపట్నం ఎండుచేపలు దాచింది.

ఇట్లు
నీ బావమరిది
జగన్నాధం

తా.క. బావా, ఒకటి దాచాను. ఆ బెజ్జం నాకు కొత్త కాదు. చక్రం అచ్చులోంచి తీసిన రోజే చూశాను. మళ్లీ పోయడానికి బద్ధకించి, మైనంలో ఇనుపపొడి కలిపి పూడ్చేశాను. ఇంత చిన్నది ఏం చేస్తుందిలే అనుకున్నాను. నిన్న నరసింగరావు గారికీ చెప్పేశాను, చెడామడా తిట్టారు. కొత్త చక్రం బిగించే ముందు నువ్వే చూడు. ఎక్కడ అనుమానమొచ్చినా పగలగొట్టెయ్యి, మళ్లీ పోస్తాను. సుత్తి నీ చేతికే ఇస్తాను.